ఇంటి లోన్ ముందే తీర్చేయాలా? ముందు వడ్డీని పైసల్లోకి మార్చి చూడండి

చేతికి ఒక్కసారిగా అయిదు లక్షలు వచ్చాయనుకోండి. గుంటూరు యార్డులో మిర్చి అమ్మిన డబ్బు కావచ్చు, డీఏ బకాయిలు కావచ్చు, గడువు తీరిన ఎల్ఐసీ పాలసీ కావచ్చు, అమెరికాలో ఉన్న పిల్లలు పంపినది కావచ్చు. బ్యాంకులో ఇంటి లోన్ ఇంకా 35 లక్షలు ఉంది. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని పెద్దవాళ్ళు కట్టేయమంటారు. ఇంత తక్కువ వడ్డీకి మళ్ళీ అప్పు పుట్టదు, ఫండ్స్‌లో వేసుకోమని ఆఫీసులో పక్క సీటాయన అంటాడు. బావమరిది అమరావతి వైపు ప్లాటు చూపిస్తాడు. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. ఒకరు శాతాల్లో, ఒకరు రూపాయల వడ్డీలో, ఒకరు గజం ధరలో మాట్లాడుతుంటే పోలిక కుదరదు, అంతే.

బెజవాడ, గుంటూరుల్లో వడ్డీ అంటే నూటికి నెలకు ఎంత అన్నదే లెక్క. అన్నిటినీ ఆ లెక్కలోకే తెచ్చుకుందాం. ఏడాది వడ్డీ శాతాన్ని 12తో భాగిస్తే సరి. 8.5 శాతం ఇంటి లోన్ నూటికి 71 పైసల వడ్డీ. బ్యాంకు బంగారం లోన్ 9 శాతానికి దొరికితే 75 పైసలు. పర్సనల్ లోన్ 12 శాతమైతే రూపాయి. ప్రామిసరీ నోటు మీద తెచ్చిన రెండు రూపాయల వడ్డీ అప్పు ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డు బాకీ నెలకు మూడున్నర రూపాయలైతే ఏడాదికి 42 శాతం. 3 లక్షల లోపు పంట రుణం సకాలంలో తీరిస్తే 4 శాతమే, అంటే 33 పైసలు.

ఇలా రాసుకుంటే ఏ అప్పు ముందు తీర్చాలో దానంతటదే తేలిపోతుంది. కార్డు బాకీ, రెండు రూపాయల వడ్డీ నోటు, పర్సనల్ లోన్ ఇంట్లో ఉండగా ఇంటి లోన్‌లోకి ఒక్క రూపాయి కూడా అదనంగా వెళ్ళకూడదు. లోన్ పెద్దది, కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి దాన్ని తగ్గించాలనిపిస్తుంది. కానీ ఇంటిని తినేది చిన్న బాకీలే. పంట రుణం సంగతి వేరు. దాన్ని గడువులోపు తీర్చడమే ముఖ్యం, గడువు దాటితే వడ్డీ రాయితీ పోతుంది.

మిగిలిన డబ్బుకు ఇంటి లోన్ ఇచ్చే రాబడి ఎంత? కట్టిన ప్రతి వంద మీదా నెలకు 71 పైసలు ఆదా. దాని మీద పన్ను లేదు, మార్కెట్ పడుతుందన్న భయం లేదు. 6.6 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్ 55 పైసలు. 30 శాతం పన్ను స్లాబులో ఉన్నవారికి చేతికొచ్చేది 38 పైసలు. అంటే ఒకే బ్యాంకులో 71 పైసలకు అప్పు తీసుకుని, అదే బ్యాంకుకు 38 పైసలకు అప్పు ఇస్తున్నట్టు. అత్యవసర నిధిగా పెట్టుకున్నది తప్ప మిగతా డిపాజిట్‌ను లోన్ పక్కన ఏళ్ళ తరబడి ఉంచుకోవడం నష్టమే.

పీపీఎఫ్ 7.1 శాతం, పన్ను లేకుండా 59 పైసలు. ఈపీఎఫ్ 2024–25కి ఇచ్చిన 8.25 శాతం 69 పైసలు. ఉద్యోగి వాటా ఏడాదికి 2.5 లక్షలు దాటితే, దాటిన భాగం మీద వడ్డీకి పన్ను పడుతుంది. ఇవి లోన్ వడ్డీకి దగ్గరగా వచ్చే అంకెలు. గెలుపెవరిదో మీ పన్ను పద్ధతిని బట్టి మారుతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

కొత్త పన్ను పద్ధతిలో ఉండి, సొంతింట్లోనే కాపురం ఉంటే లోన్ వడ్డీకి మినహాయింపు లేనే లేదు. మీకు పడుతున్నది పూర్తి 71 పైసలు. "ట్యాక్స్ కోసం లోన్ ఉంచుకున్నాం" అనే మాటకు ఇక్కడ అర్థం లేదు. పాత పద్ధతిలో సొంతింటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. అయితే 8.5 శాతం మీద 2 లక్షల వడ్డీ పడాలంటే లోన్ నిల్వ (ఇంకా తీర్చాల్సిన అసలు) సుమారు 23.5 లక్షలు ఉండాలి. మీ నిల్వ 35 లక్షలైతే ఏడాది వడ్డీ దాదాపు 3 లక్షలు; అందులో 2 లక్షలకే మినహాయింపు, పై లక్ష మీద పైసా కలిసిరాదు. కనుక 35 నుంచి 23.5 లక్షల దాకా తగ్గించే ప్రతి వంద నెలకు పూర్తి 71 పైసలు ఆదా చేస్తుంది, పన్ను మినహాయింపు అలాగే నిలబడుతుంది. 23.5 లక్షల కిందికి వచ్చాక లెక్క మారుతుంది. 30 శాతం స్లాబులో సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను తగ్గుతుంది కాబట్టి అసలు ఖర్చు 5.85 శాతమే, అంటే 49 పైసలు. అప్పుడు పీపీఎఫ్ 59 పైసలు గెలుస్తుంది. భార్యాభర్తలు ఇద్దరూ ఇంటి యజమానులై, ఇద్దరూ లోన్‌లో ఉండి, ఇద్దరూ పాత పద్ధతిలోనే ఉంటే ఆ గీత 47 లక్షల దగ్గర ఉంటుంది. అద్దెకిచ్చిన ఇంటికి నియమాలు వేరు. కొత్త పద్ధతిలో కూడా అద్దె ఆదాయం మేరకు వడ్డీ తీసేసుకోవచ్చు, కానీ నష్టం మిగిలితే జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు.

షేర్ ఫండ్స్ పదిహేనేళ్ళలో 71 పైసల కన్నా ఎక్కువ ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. లాభం మీద ఏడాదికి 1.25 లక్షలు దాటిన భాగానికి 12.5 శాతం పన్ను ఉంది. సగానికి పడినా అమ్మకుండా ఈఎమ్ఐ కట్టుకుంటూ పోగలిగే ఆదాయం, గుండె నిబ్బరం ఉన్నవాళ్ళకు అది సరైన దారే. ఒకే జీతం మీద నడిచే ఇంటికి నేను సలహా ఇవ్వను.

ఇక రూపాయిన్నర వడ్డీకి తిప్పడం. 71 పైసల లోన్ ఉంచుకుని, తెలిసినవాళ్ళకు నోటు మీద రూపాయిన్నరకు ఇస్తే నెలకు 79 పైసలు మిగులుతాయన్న లెక్క మన దగ్గర ప్రతి వీధిలోనూ ఉంది. కాగితం మీద నిజమే. కానీ ఆ వడ్డీ మీ ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది. 20,000 లేదా అంతకు మించి నగదుగా అప్పు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. డిమాండ్ ప్రామిసరీ నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ళే కాలపరిమితి. ఈలోపు చెల్లు (కట్టిన సొమ్ము) నోటు మీద రాయించి సంతకం పెట్టించుకోవాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. మొహమాటానికి అడగలేకపోయిన నోటు మూడేళ్ళు దాటితే కోర్టులో నిలవదు. అసలు సొమ్మే పోయే చోట 79 పైసల తేడాకు ఇంటి మీద తెచ్చిన డబ్బు పెట్టడం నాకు సమ్మతం కాదు.

ప్లాటు సంగతి కూడా అంకెల్లోనే చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో కొనుగోలు రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. కొన్న రోజే అంత వెనకబడి మొదలవుతారు. పైగా నెలనెలా రాబడి లేదు, కావాలనుకున్న రోజు అమ్ముడుపోదు. అక్కడ ఇల్లు కట్టుకునే ఉద్దేశం ఉంటే వేరే మాట.

ఇప్పుడు లోన్ లోపలి లెక్క. 40 లక్షలు, 20 ఏళ్ళు, 8.5 శాతం. ఈఎమ్ఐ 34,713. మొదటి నెల అందులో 28,333 వడ్డీ, 6,380 మాత్రమే అసలు. అయిదేళ్ళు కట్టాక బ్యాంకుకు వెళ్ళింది 20.83 లక్షలు, నిల్వ మాత్రం ఇంకా 35.25 లక్షలు. ఆ రోజున అయిదు లక్షలు కట్టి, ఈఎమ్ఐ మార్చకుండా గడువు తగ్గించమంటే మిగిలిన 180 నెలలు 136కు వస్తాయి. 44 నెలలు పోయాయి. నికరంగా ఆదా అయ్యే వడ్డీ 10 లక్షల పైన. అదే అయిదు లక్షలకు గడువు ఉంచి ఈఎమ్ఐ తగ్గించమంటే నెలకు 34,713 బదులు 29,789. వడ్డీ ఆదా 3.86 లక్షలు.

ఈ రెండు అంకెలు చూసి గడువు తగ్గించడమే లాభమని అందరూ చెబుతారు. కారణం కూడా తెలుసుకోవాలి. రెండింటిలోనూ మీ అయిదు లక్షలు సంపాదించేది అదే 71 పైసలు. రెండో దారిలో నెలకు 4,924 మీ జేబులోకి తిరిగి వస్తోంది, మొదటి దారిలో అది కూడా లోన్‌లోకే పోతోంది. కనుక జీతం స్థిరంగా ఉంటే గడువు తగ్గించండి. సొంత షాపు, కాంట్రాక్టు పనులు, ఏడాదికోసారి పంట డబ్బు మీద ఆధారపడేవాళ్ళు ఈఎమ్ఐ తగ్గించుకుని, చేతిలో ఉన్న నెలల్లో ఆ తేడాను తామే అదనంగా కట్టుకోవడం మేలు. కష్టమొచ్చిన నెలలో తప్పనిసరిగా కట్టాల్సింది తక్కువగా ఉంటుంది.

"చివరి ఏళ్ళలో కట్టి లాభం లేదు, వడ్డీ అంతా ముందే లాగేసుకున్నారు" అన్న మాట బాగా వినిపిస్తుంది. అది సరైనది కాదు. వడ్డీ ఎప్పుడూ ఆనాటి నిల్వ మీదే పడుతుంది. పై లోన్‌లో 15 ఏళ్ళు గడిచాక నిల్వ 16.92 లక్షలు. అప్పుడు అయిదు లక్షలు కట్టినా ఇరవై నెలలు తగ్గి 2.12 లక్షలు ఆదా అవుతుంది. ఆదా తగ్గడానికి కారణం ఆ డబ్బు పనిచేసే కాలం తగ్గడమే, రేటు మారలేదు. పెద్ద మొత్తం లేనివాళ్ళు మొదటి ఏడాది నుంచే ఏడాదికి ఒక ఈఎమ్ఐ అదనంగా కట్టుకుంటూ పోయినా 20 ఏళ్ళ లోన్ మూడేళ్ళ పైచిలుకు ముందే తీరుతుంది.

అయితే డబ్బు కట్టేముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది: మీ వడ్డీ రేటు చూసుకోవడం. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (మారుతూ ఉండే వడ్డీ) ఇంటి లోన్లను రెపో (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకు ముడిపెట్టాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5కు ఎక్కింది, అప్పుడు చాలా బ్యాంకులు ఈఎమ్ఐ కదపకుండా గడువు పొడిగించాయి. 2025లో అది 5.25కు దిగింది. ఆ తగ్గుదల మీ ఖాతాకు చేరిందా, మీ మిగిలిన నెలలు ఎన్ని అన్నది స్టేట్‌మెంట్‌లో చూడండి. బ్యాంకు సొంతంగా లెక్కగట్టే పాత బేస్ రేటులోనో ఎంసీఎల్ఆర్‌లోనో ఉండిపోతే మార్చమని దరఖాస్తు ఇవ్వండి, ఒకసారి కట్టే మార్పిడి ఫీజు ఉంటుంది. 35.25 లక్షల నిల్వ మీద రేటు 8.5 నుంచి 8కి తగ్గి, ఈఎమ్ఐ అలాగే ఉంచితే దాదాపు పది నెలలు, అంటే 3.4 లక్షలు తగ్గుతాయి. మీ అయిదు లక్షలు ముట్టుకోకుండానే. రేటు మారినప్పుడు ఈఎమ్ఐ మార్చాలా, గడువు మార్చాలా అని అడిగే హక్కు 2023 ఆగస్టు రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వు మీకు ఇచ్చింది. నోటిమాటగా వదలకుండా రాతపూర్వకంగా అడగండి.

ముందే కడితే జరిమానా ఉంటుందా? వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి లోన్‌కు ఉండదు. బ్యాంకులకు 2012లోనే ఆ నియమం వచ్చింది. ఫిక్స్‌డ్ రేటు అయితే, ముఖ్యంగా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల్లో, మంజూరు లేఖ, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (లోన్ షరతుల సారాంశం) చదవాలి. మొదటి రెండు మూడేళ్ళు ఫిక్స్‌డ్, తర్వాత ఫ్లోటింగ్ అని ఉన్న లోన్లలో మీరిప్పుడు ఏ దశలో ఉన్నారో చూసుకోండి.

పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) పట్టణ పథకం 2.0 కింద వడ్డీ సబ్సిడీ పొందుతున్నవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. 1.80 లక్షల దాకా ఇచ్చే ఆ సబ్సిడీ అయిదు వార్షిక వాయిదాల్లో వస్తుంది. ప్రతిసారీ లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి మించి బాకీ ఉండాలి. తొందరపడి సగం కిందికి తెస్తే మిగతా వాయిదాలు పోతాయి.

ఎంత కట్టకూడదు అన్నది ఎంత కట్టాలన్న దానికన్నా ముఖ్యం. లోన్‌లోకి వెళ్ళిన డబ్బు వెనక్కి రాదు. మళ్ళీ కావాలంటే టాపప్‌కు (అదే ఇంటి మీద అదనపు లోన్‌కు) కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి, ఉద్యోగం పోయినవాడికి అది దొరకదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఫ్రిజ్, మంచాలు, బండి, కరెంటు వైరింగ్ అన్నీ ఒకేసారి బాగు చేయించుకోవాలంటే కావలసింది ఖాతాలో డబ్బు. నిల్వ తగ్గిన లోన్ స్టేట్‌మెంట్ అక్కడ పనికిరాదు. ఈఎమ్ఐతో కలిపి ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ విడిగా ఉండాలి. పిల్లలు ఇంటర్‌కు వస్తుంటే కాలేజీ, హాస్టల్ ఫీజు రెండేళ్ళది కూడా ముందే తీసి పెట్టండి. దానికోసం మళ్ళీ రూపాయి వడ్డీకి పర్సనల్ లోన్ తెస్తే ఆదా చేసిన 71 పైసలు ఎటు పోయినట్టు?

మధ్య దారి కావాలంటే ఓవర్‌డ్రాఫ్ట్ తరహా ఇంటి లోన్ ఉంది, ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటిది. అదనపు డబ్బు ఆ ఖాతాలో ఉన్నన్ని రోజులు అంతమేరకు వడ్డీ పడదు, అవసరమైతే తీసుకోవచ్చు. రేటు మామూలు లోన్ కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది. వ్యాపారులకు బాగా పనికొస్తుంది. ఖాతాలో డబ్బు కనిపిస్తే ఖర్చు పెట్టకుండా ఉండలేని ఇంటికి పనికిరాదు.

కట్టే తీరులో తప్పులు జరుగుతాయి. నెట్ బ్యాంకింగ్‌లో లోన్ ఖాతాకు ఊరికే డబ్బు పంపితే కొన్ని సంస్థలు దాన్ని అడ్వాన్స్ ఈఎమ్ఐగా పక్కన పెడతాయి. అసలు తగ్గదు, వడ్డీ యథాతథంగా పడుతుంది. "పార్ట్ ప్రీపేమెంట్, అసలుకు జమ చేయాలి, ఈఎమ్ఐ మార్చకుండా గడువు తగ్గించాలి" అని ఈమెయిలో, బ్రాంచిలో లేఖో ఇచ్చి, దాని మీద ముద్ర వేయించుకోండి. వారంలోపు కొత్త వాయిదాల పట్టిక అడిగి, నిల్వ సరిగ్గా అయిదు లక్షలు తగ్గిందా, చివరి ఈఎమ్ఐ తేదీ ముందుకొచ్చిందా అని చూడండి. రోజువారీ నిల్వ మీద వడ్డీ వేసే చోట డబ్బు వచ్చిన రోజే కట్టేయడం మేలు. నెలవారీ నిల్వ మీద వేసే చోట ఆ నెల గడువు తేదీకి ముందు కట్టకపోతే ఒక నెల వడ్డీ వృథా.

మొత్తం తీర్చేసేవాళ్ళలో కొందరు "కాగితాలు బ్యాంకులో భద్రంగా ఉంటాయి" అని పదివేలో లక్షో ఉంచేస్తారు. అలా చేయకండి. తాకట్టు మీ ఈసీలో (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) అలాగే వేలాడుతుంది. ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ (మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో చూపే లెక్క) తీసుకుని, అందులో రాసిన తేదీలోపు ఆర్‌టీజీఎస్‌లోనో డీడీగానో కట్టండి. ఖాతాలోంచి ఈఎమ్ఐ దానంతటదే కోసుకునే నాచ్ ఆదేశం రద్దు చేయించండి, లేకపోతే వచ్చే నెల ఈఎమ్ఐ మళ్ళీ కోసుకుంటారు. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగివ్వాలి. సంస్థ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు చెల్లించాలి. తీసుకునేటప్పుడు లోన్ రోజున ఇచ్చిన డాక్యుమెంట్ల జాబితా దగ్గర పెట్టుకుని సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, ఖాళీ చెక్కులు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. లింకు డాక్యుమెంట్‌లో ఒక్క పేజీ పోయినా అమ్మేనాడు బేరం అక్కడే ఆగిపోతుంది.

డాక్యుమెంట్లు చేతికొచ్చాయని ఇంటికి వెళ్ళిపోతే పని సగమే అయినట్టు. లోన్ సమయంలో టైటిల్ డీడ్స్ డిపాజిట్ మెమోరాండం (డాక్యుమెంట్లు తాకట్టు పెట్టినట్టు రాసే పత్రం) రిజిస్టరు చేసి ఉంటే, దాని విడుదల దస్తావేజు కూడా అదే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, పటమటైనా కొరిటెపాడైనా, బ్యాంకు తరఫు అధికారి సంతకంతో రిజిస్టరు కావాలి. అధికారిని రప్పించడం కష్టమైన పని. లోన్ ముగించే లేఖలోనే ఆ తేదీ కూడా అడిగి పెట్టుకోండి. తర్వాత కొత్త ఈసీ తీసి విడుదల ఎక్కిందో లేదో చూడండి. తాకట్టులను నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్ రికార్డులో తాకట్టు తీసేయడం సంస్థ బాధ్యత, అయినా అడగాలి. నెలన్నర తర్వాత క్రెడిట్ రిపోర్టులో ఖాతా "క్లోజ్డ్" అని ఉండాలి, "సెటిల్డ్" (పూర్తిగా కట్టకుండా రాజీతో ముగిసిందని) అని ఉంటే వెంటనే సరిచేయించండి.

లోన్‌తో పాటు ఒకే ప్రీమియంతో అంటగట్టిన జీవిత బీమా ఉంటే మిగిలిన కాలానికి సరెండర్ విలువ అడగవచ్చు. వేరే టర్మ్ పాలసీ లేకపోతే దాన్నే కొనసాగించుకోవచ్చు. బ్యాంకు తీయించిన ఇంటి బీమా గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోండి. లోన్ పోయాక దాన్ని గుర్తుచేసేవాళ్ళు ఉండరు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ వరద నష్టానికి కూడా వర్తిస్తుంది; గడువు తీరకముందే మీ పేరు మీద రెన్యూవల్ చేయించి, పాలసీలో బ్యాంకు పేరు తీయించండి.